అల్బరీన్యో వైన్‌ను ఎంచుకుని, చల్లబరచి, భోజనంతో జత కలపడం ఎలా?

స్పెయిన్ దేశపు వాయవ్య మూలన, పోర్చుగల్‌కు సరిగ్గా ఎగువన, గలీసియా అనే ప్రాంతం ఉంది. అక్కడి పశ్చిమ తీరాన రియాస్ బైషాస్ అనే సీమలో అల్బరీన్యో అనే తెల్లద్రాక్ష పండుతుంది. దానితో చేసిన వైన్‌కు కూడా అదే పేరు. పుల్లగా, తేలికగా, మింగిన తరువాత నాలుక చివర కాస్త ఉప్పదనం మిగిల్చే ఈ వైన్‌ను ఎక్కువగా లేతగా ఉన్నప్పుడే, చల్లగా తాగుతారు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఉన్న తెలుగువారికి ఇది మామూలు సూపర్‌మార్కెట్ అలమారాలోనే కనిపిస్తుంది. మన దేశంలో అయితే దిగుమతి సరుకు అమ్మే పెద్ద దుకాణాల్లో వెతకాలి, సుంకాల వల్ల ధర కూడా బాగా ఎక్కువగా ఉంటుంది. అంత ఖర్చు పెట్టి తెచ్చిన సీసాను సరిగా వాడుకోవడం ఎలాగో వివరించడమే ఈ వ్యాసం పని. చట్టం అనుమతించే వయసు వచ్చి, వైన్ తాగే అలవాటు ఉన్నవారి కోసమే ఇది రాస్తున్నాను. లేనివారు కొత్తగా మొదలుపెట్టవలసిన అవసరమేమీ లేదు.

అన్నిటికంటే ముందు ఒక సూత్రం చెబుతాను, దాని కారణాలు తరువాత ఒక్కొక్కటిగా వస్తాయి. మీరు వడ్డించబోయే వంటకం మీద చివరలో నిమ్మకాయ పిండుకోవాలని మీకు అనిపిస్తే, దాని పక్కన అల్బరీన్యో నప్పుతుంది. ఆ వంటకంలో చింతపండు పులుసు పోసి ఉంటే నప్పదు.

ముందుగా ఆ నేలను తెలుసుకోండి

రియా అంటే సముద్రపు నీరు నిండిపోయిన పాత నదీలోయ. బైషాస్ అంటే దిగువవి. కోనసీమలో గోదావరి పాయలు ఒండ్రు మోసుకుంటూ సముద్రంలోకి పోయినట్లు కాకుండా, ఇక్కడ సముద్రమే లోయలను వెతుక్కుంటూ నేలలోకి వచ్చింది. మూరోస్-నోయా, అరౌసా, పొంతెవెద్రా, వీగో అనే నాలుగు పెద్ద రియాల చుట్టూనూ, దక్షిణాన పోర్చుగల్ సరిహద్దుగా పారే మీన్యో నది ఒడ్డునూ ఈ తోటలు ఉన్నాయి. స్పెయిన్ అనగానే ఎండకు మాడిన ఎర్రనేలలు, ఆలివ్ చెట్లు గుర్తుకు వచ్చేవారికి ఈ సీమ ఆశ్చర్యం కలిగిస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఏటా సుమారు 1,600 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అది విశాఖపట్నంలో కురిసేదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. అందులో ఎక్కువ భాగం శరదృతువులోనూ శీతకాలంలోనూ పడినా, వేసవిలో కూడా సముద్రపు తేమ తోటను వదలదు.

ద్రాక్షకు తేమ శత్రువు. ఆకు మీదా గుత్తి మీదా బూజు పట్టి పంట పోతుంది. ఈ చిక్కుకు గలీసియా రైతులు కనిపెట్టిన ఉపాయం మనకు కొత్తదేమీ కాదు: పందిరి. పొట్ల పాదునో బీర పాదునో పందిరి మీదికి పాకించినట్లు, ద్రాక్ష తీగను మనిషి నిలువెత్తుకు పైన అల్లిస్తారు. గుత్తులు కిందికి వేలాడుతూ నేల తేమకు దూరంగా ఉంటాయి, కింది నుంచి సముద్రపు గాలి వీచి వాటిని ఆరబెడుతుంది, పై ఆకులు ఎండను అడ్డుకుంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షను పందిళ్ల మీద పెంచిన తోటలు చూసినవారికి ఈ దృశ్యం వెంటనే కళ్లకు కడుతుంది. ఇంకొక పోలిక కూడా ఉంది. గలీసియా నేల గ్రానైట్ రాతి నేల. అందుచేత పందిరి గుంజలు కూడా అక్కడ గ్రానైట్‌వే. తెలంగాణ పల్లెల్లో పొలం చుట్టూ పాతే రాతి కడీలను ఊహించుకోండి, వాటిని ఇంకాస్త పొడవు చేసి, తల మీద తీగలు లాగండి, అంతే. ఆ రాతి నేల అరిగి ఏర్పడిన ఇసుక మట్టిలో వాన నీరు నిలవదు, వేళ్లు కుళ్లవు. అంత వాన పడే చోట ద్రాక్ష బతకడానికి అది రెండో కారణం.

ఇక కమతాల సంగతి. తరతరాలుగా పిల్లలందరికీ భూమి పంచుతూ రావడం వల్ల అక్కడి కమతాలు ముక్కలు చెక్కలైపోయాయి. సుమారు 4 వేల హెక్టార్ల తోట 20 వేలకు పైగా ముక్కలుగా, దాదాపు 5 వేల మంది రైతుల చేతుల్లో ఉంది. పందిరి కింద బంగాళాదుంపలో కూరగాయలో వేసుకోవడం కూడా అందుకే అలవాటైంది. ఒక రైతు పంట సొంతంగా సీసాలు నింపి అమ్ముకునేంత పెద్దది కాదు కాబట్టి చాలామంది తమ గుత్తులను సహకార సంఘానికో, పెద్ద వైనరీకో తోలుతారు. మీ చేతిలోని సీసాలో పదుల కొద్దీ కుటుంబాల సెప్టెంబరు కోత కలిసి ఉండవచ్చు.

సీమకు అధికారికమైన గుర్తింపు 1988లో వచ్చింది. అంతకుముందు, 1980లో, ద్రాక్ష పేరుతోనే అల్బరీన్యో అని గుర్తింపు ఇచ్చారు. అయితే 1986లో స్పెయిన్ యూరోపియన్ సమాజంలో చేరాక, ఒక ద్రాక్ష రకం పేరును ప్రాంతపు పేరుగా వాడుకోవడం అక్కడి నిబంధనలకు కుదరలేదు, అందువల్ల ప్రాంతం పేరే ఖాయమైంది. ఈ ద్రాక్షను మధ్యయుగాల్లో యాత్రికులైన సన్యాసులు జర్మనీ నుంచో ఫ్రాన్స్ నుంచో తెచ్చారని ఒక కథ ప్రచారంలో ఉంది. సాంటియాగో దె కంపొస్తేలా యాత్రామార్గం దగ్గరలోనే ఉండడంతో కథ నమ్మదగినట్లే వినిపిస్తుంది కానీ, జన్యు పరీక్షలు దానిని బలపరచలేదు. ఇది ఆ వాయవ్య మూలకు చెందిన ద్రాక్షే.

లేబుల్‌ను ఇలా చదవండి

దుకాణంలో సీసాను చేతిలోకి తీసుకున్న తరువాత మూడు విషయాలు చూడాలి. మొదటిది, రియాస్ బైషాస్ అన్న పేరు. వెనుక లేబుల్ మీద ఆ ప్రాంత నియంత్రణ మండలి ముద్ర, వరుస సంఖ్య ఉంటాయి. ఈ సీమలో తయారైన సీసా మీద అల్బరీన్యో అని రాసి ఉంటే, అందులో నూటికి నూరు పాళ్లూ ఆ ద్రాక్షే ఉండాలన్నది నిబంధన. ఈ పేరు విషయంలో జాగ్రత్త ఊరికే చెప్పడం లేదు: ఆస్ట్రేలియా రైతులు అల్బరీన్యో అనుకుని ఏళ్ల తరబడి పెంచిన తీగలు నిజానికి సావన్యాన్ అనే వేరొక ద్రాక్షవని 2009లో తేలింది.

రెండవది, ఉపప్రాంతం పేరు. అది అన్ని సీసాల మీదా ఉండదు, ఉంటే మాత్రం చాలా చెబుతుంది. మొత్తం ఐదు ఉపప్రాంతాలు. వాల్ దో సాల్నేస్ అరౌసా రియాను ఆనుకుని ఉంటుంది. అన్నిటిలోకీ చల్లనిది, తడిసినది, ఎక్కువ తోట ఉన్నది అదే. కొందాదో దో తేయా సముద్రానికి దూరంగా మీన్యో నది వెంట లోపలికి ఉండడం వల్ల కాస్త వెచ్చన, అక్కడి వైన్ పులుపు తగ్గి పండిన పండు రుచికి దగ్గరగా ఉంటుంది. ఒ రొసాల్ అదే నది సముద్రంలో కలిసే చోట మెట్ల పొలాల మీద ఉంది, అక్కడ అల్బరీన్యోకు లొరేయ్‌రో అనే సువాసన గల ద్రాక్షను కలపడం వాడుక. మిగిలిన రెండూ, 1996లో చేరిన సౌటోమయోర్, 2000లో చేరిన రిబేయ్రా దో ఊయా, చిన్నవి. వాటి సీసాలు మనకు ఎదురయ్యేది తక్కువ. మొదటిసారి కొనేవారు సాల్నేస్ సీసానే తీసుకోవాలని నా అభిప్రాయం. ఈ వైన్ ప్రత్యేకత అంటూ ఏదైనా ఉంటే అది పులుపూ ఉప్పదనమే; అవి మెత్తబడిన సీసాతో మొదలుపెడితే ఇంత దూరం నుంచి తెప్పించుకున్న ఫలితం దక్కదు.

మూడవది, పంట సంవత్సరం. మామూలు అల్బరీన్యోను కోత జరిగిన ఏడాది నుంచి రెండు మూడేళ్లలోపు తాగేయడం మేలు. సీసా మీద సోబ్రె లీయాస్ అని ఉంటే కథ వేరు. ద్రాక్షరసం పులిసిపోయాక అడుగున పేరుకునే ఈస్ట్ మడ్డిని వెంటనే వేరు చేయకుండా, నెలల తరబడి దాని మీదే వైన్‌ను ఉంచారని ఆ మాటకు అర్థం. మడ్డి మెల్లగా కరుగుతూ వైన్‌కు చిక్కదనాన్నీ, రొట్టె కాలినట్లుండే ఒక చిన్న వాసననూ ఇస్తుంది. అలాంటివి ఐదేళ్లు దాటినా బాగుంటాయి. చెక్క పీపాలో ఉంచినవి కూడా కొన్ని వస్తాయి, వాటి లేబుల్ మీద బర్రీకా అన్న మాట ఉంటుంది. చేపతో తాగాలనుకునేవారు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

మన దేశంలో కొనేటప్పుడు అదనంగా ఇంకొక పరీక్ష చేయాలి. తెల్ల వైన్‌కు ఎండ, వేడి రెండూ పడవు. దుకాణం కిటికీలో వెలుగు పడేలా నిలబెట్టిన సీసా వద్దు. బిరడా మీది తొడుగు ఉబ్బి కనిపించినా, పైనుంచి వైన్ కారి ఎండిన మరక ఉన్నా, ఆ పెట్టె రవాణాలో ఎక్కడో ఎండలో ఉడికిందని అర్థం. సీసా గాజు రంగులేనిదైతే లోపలి వైన్ రంగు కూడా చూడండి; లేత గడ్డి రంగుకు బదులు తేనె రంగు కనిపిస్తే దాని కాలం దాటిపోయినట్లే.

అల్బరీన్యో ఎక్కడా దొరకకపోతే, మీన్యో నదికి అవతలి ఒడ్డున పోర్చుగల్‌లో ఇదే ద్రాక్షను అల్వరీన్యు అంటారు. మొన్సావ్, మెల్గాసు అనే రెండు ఊళ్ల చుట్టూ పండే ఆ వైన్ విన్యు వెర్దె అనే పెద్ద పేరు కింద అమ్ముడవుతుంది, గలీసియా వైన్ కంటే కాస్త నిండుగా ఉంటుంది. అది కూడా లేకపోతే నాసిక్‌లో తయారయ్యే సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌తో సర్దుకోవచ్చు. పులుపు ఉంటుంది, ఉప్పదనం మాత్రం వెతుక్కోవలసిందే.

చల్లబరచడం, పోయడం

తాగేటప్పుడు వైన్ 8 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఫ్రిజ్ లోపల సాధారణంగా 4, 5 డిగ్రీలు ఉంటుంది కాబట్టి, సీసాను మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, వడ్డనకు పది పదిహేను నిమిషాల ముందు బయట పెట్టండి. విజయవాడ మే నెలలో అయితే ఐదు నిమిషాలు చాలు. మరీ చల్లగా తాగితే వాసన పైకి రాదు, పులుపు ఒక్కటే పళ్లకు తగులుతుంది. వెచ్చబడితే ఆల్కహాల్ ఘాటు ముందుకు వచ్చి, వైన్ చప్పగా అనిపిస్తుంది.

సమయం లేనప్పుడు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరచిపోకండి. గడ్డకట్టిన వైన్ వ్యాకోచించి బిరడాను బయటికి తోస్తుంది, ఒక్కొక్కసారి సీసానే పగలగొడుతుంది. అంతకంటే మంచి పద్ధతి ఉంది. లోతైన గిన్నెలోనో బకెట్లోనో సగం ఐసు, సగం నీళ్లు పోసి, రెండు గుప్పెళ్ల కల్లుప్పు వేసి, సీసాను మెడ దాకా ముంచండి. ఒట్టి ఐసు ముక్కలు సీసాను అక్కడక్కడే తాకుతాయి, నీళ్లు చుట్టూ తాకుతాయి. ఉప్పు ఆ నీటిని సున్నా డిగ్రీలకు కిందికి దించుతుంది. ఇరవై నిమిషాల్లో పని పూర్తవుతుంది. గ్లాసులో ఐసు ముక్కలు వేసుకోవడం మాత్రం ఆఖరి గత్యంతరంగా కూడా సమర్థించలేను, ఎందుకంటే ఈ వైన్ మొదటే పలుచన.

బాగా చల్లబరచిన సీసా అడుగున గాజుపొడి లాంటి పలుకులు కనిపిస్తే భయపడి పారబోయకండి. ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లం చల్లదనానికి పొటాషియంతో కలిసి లవణంగా మారి అలా పేరుకుంటుంది. అది హానికరం కాదు. సీసాను కదపకుండా మెల్లగా పోసుకుంటే సరిపోతుంది.

కాడ ఉన్న గ్లాసు వాడండి, కాడనే పట్టుకోండి, చేతి వేడి తగలకుండా ఉంటుంది. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకండి. మన వాతావరణంలో ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు: పెద్ద గ్లాసు నింపితే సగం తాగేలోపే అడుగుది వెచ్చబడుతుంది. 750 మిల్లీలీటర్ల సీసా ఐదు గ్లాసులకు వస్తుంది. అల్బరీన్యోలో ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 13 శాతం దాకా ఉంటుంది, కాబట్టి తేలికగా గొంతు దిగినంత మాత్రాన తేలికైనదని పొరబడవద్దు, తాగి వాహనం నడపవద్దు.

రుచి చూసేటప్పుడు ఏమి వెతకాలి

గ్లాసును ఒకసారి తిప్పి వాసన చూడండి. పీచ్ పండు, పచ్చి ఆప్రికాట్, దబ్బకాయ తొక్క గిల్లినప్పటి వాసన, కొన్నిటిలో నారింజ పూల వాసన వస్తాయి. తరువాత చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. దవడల దగ్గర నీరు ఊరితే అది ఆమ్లం పని. ఈ వైన్ పులుపులో పెద్ద భాగం టార్టారిక్, మాలిక్ ఆమ్లాలది. మాలిక్ ఆమ్లం పచ్చి ఆపిల్‌లోనూ పచ్చి మామిడిలోనూ ఉండేదే. చాలా దేశాల తెల్ల వైన్‌లలో తయారీదారులు ఆ మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా చేత మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మార్పిస్తారు, పెరుగులో ఉండే పులుపు అది. గలీసియాలో పలువురు దానిని పూర్తిగానో కొంతవరకో మార్చకుండా అలాగే వదిలేస్తారు. అందుకే అల్బరీన్యో పులుపు పెరుగు పులుపులా గుండ్రంగా కాక, మామిడిపిందె పులుపులా కొసగా ఉంటుంది. మింగాక చివరలో వచ్చే ఉప్పదనం ఎక్కడిదన్న ప్రశ్నకు ఆ ఊరివారు సముద్రపు గాలిని చూపిస్తారు, మరికొందరు గ్రానైట్‌ను చూపిస్తారు. రుచి మాత్రం వాస్తవం, మీ నాలుకే సాక్షి.

ముందుగా గలీసియా వారి పళ్లెం చూడండి

రియాలలో నీరు చల్లన. వేసవిలో ఉత్తరపు గాలులు పై నీటిని సముద్రం వైపు తోసేస్తే, లోతుల నుంచి పోషకాలు నిండిన చల్లటి నీరు పైకి వస్తుంది. దానితో బతికే నాచును తిని మసెల్స్ అనే నల్లటి ఆల్చిప్పలు విపరీతంగా పెరుగుతాయి. యూకలిప్టస్ దుంగలతో కట్టిన తెప్పలను రియాలలో లంగరు వేసి, వాటి నుంచి పన్నెండు మీటర్ల దాకా తాళ్లు వేలాడదీసి, ఆ తాళ్ల మీద ఆల్చిప్పలను పెంచుతారు. అలాంటి తెప్పలు గలీసియాలో 3 వేలకు పైగా ఉన్నాయి, ఎక్కువ భాగం అరౌసా రియాలోనే. అంటే ఒడ్డు మీద పందిరికి ద్రాక్ష వేలాడుతుంది, నీళ్లలో తెప్పకు ఆల్చిప్పలు వేలాడతాయి, రెండింటి మధ్యా నడిచిపోయేంత దూరం. ఏ రెండు రుచులు కలుస్తాయని వెతుక్కోవలసిన అవసరం అక్కడివారికి కలగలేదు.

ఆల్చిప్పలు తాజాగా దొరికే చోట మీరుంటే ఈ వంట చేయండి. చిప్పలను బాగా రుద్ది కడిగి, నోరు తెరుచుకుని ఉన్నవాటిని వేలితో తట్టి చూడండి. మూసుకోకపోతే అది చచ్చినది, పారేయండి. వెడల్పాటి గిన్నెలో అర గ్లాసు అల్బరీన్యో, ఒక బిర్యానీ ఆకు వేసి మరగనిచ్చి, చిప్పలు వేసి మూత పెట్టి పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు ఉంచండి. తెరుచుకున్నవి తినండి, ఉడికాక కూడా తెరుచుకోనివి పారేయండి. ఉప్పు వేయకండి, సముద్రం ముందే వేసింది.

ఆ ఊరి మిగిలిన వంటకాల్లో ఉడికించిన ఆక్టోపస్‌ను చెక్క పళ్లెంలో ముక్కలు కోసి ఆలివ్ నూనె, గళ్లుప్పు, ఎర్ర మిరపపొడి చల్లి ఇచ్చేది ఒకటి. అలలు కొట్టే బండల మీద నుంచి ప్రాణాలకు తెగించి పెకలించే పెర్సేబెస్ అనే జీవులు ఇంకొకటి. చేపో ఆల్చిప్పలో కూరి కాల్చిన ఎంపనాడా అనే రొట్టె మరొకటి. తెతీయా అనే మెత్తటి, వెన్న లాంటి చీజ్ కూడా ఈ వైన్‌తో బాగుంటుంది. మనవారికి వెంటనే నచ్చేది మాత్రం పద్రోన్ మిరపకాయలు. చిన్న పచ్చి కాయలను నూనెలో పొక్కులు వచ్చేదాకా వేయించి, కల్లుప్పు చల్లి తింటారు. కొన్ని కారంగా ఉంటాయి, కొన్ని ఉండవు అన్నది వాటి గురించి అక్కడి సామెత. అమెరికా ఖండం నుంచి ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఆ విత్తనాలు తెచ్చారని చెబుతారు. మన గుంటూరు మిరపకాయ పూర్వీకులు కూడా అదే ఖండం నుంచి ఓడెక్కి వచ్చినవే కాబట్టి, వరసకు ఇవి రెండూ జ్ఞాతులు.

కంబాదోస్ అనే ఊళ్లో 1953 నుంచి ప్రతి ఏటా ఆగస్టు మొదటి ఆదివారం నాటికి అల్బరీన్యో ఉత్సవం జరుగుతుంది. ఆ కాలంలో ప్రయాణం పెట్టుకునేవారు బస ముందుగానే చూసుకోవాలి.

ఇప్పుడు మన పళ్లెం

నేను మొదటిసారి ఈ సీసా తెరిచినప్పుడు, చేపకు మంచిదని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, ముందురోజు కాచి ఊరనిచ్చిన చేపల పులుసుతో తాగాను. ఖరీదైన నీళ్లు తాగినట్లు అనిపించింది. తప్పు వైన్‌ది కాదు. చింతపండులో ఉండే ప్రధానమైన ఆమ్లం కూడా టార్టారిక్ ఆమ్లమే, ద్రాక్షలోనిదే. పైగా చింతపండు గుజ్జులో అది వైన్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పులుసులోకి దిగిన తరువాత కూడా దాని బలం ముందు వైన్ పులుపు నాలుకకు ఆనదు, ఆ పులుపు పోతే అల్బరీన్యోలో మిగిలేది తక్కువ. పళ్లెంలోని వంటకం కంటే గ్లాసులోని వైన్ ఎక్కువ పుల్లగా ఉండాలన్నది ప్రపంచమంతటా చెల్లే నియమం. కనుక నెల్లూరు చేపల పులుసు, పులస పులుసు, గోంగూర రొయ్యలు, మామిడికాయ పప్పు, ఆవకాయ, పులిహోర, వీటన్నిటినీ ఈ వైన్ దరికి రానివ్వకండి. అవి తమంతట తామే సంపూర్ణమైనవి, పక్కన మజ్జిగ చాలు.

నిమ్మకాయ సంగతి వేరు. చేపముక్కలను ఉప్పు, నిమ్మరసం వేసి కడిగితే నీచు పోతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. నీచు వాసనకు కారణం గాలిలోకి తేలిపోయే అమీన్లు అనే పదార్థాలు. ఆమ్లం తగిలితే అవి లవణాలుగా మారి అక్కడే ఉండిపోతాయి, ముక్కుదాకా రావు. వేయించిన చేప మీద పిండే నిమ్మచెక్క కూడా ఆ పనే చేస్తుంది, నూనె జిడ్డును కూడా నాలుక మీద నుంచి కోసేస్తుంది. అల్బరీన్యో ఆ రెండు పనులూ గ్లాసులో ఉండే చేస్తుంది. అందుచేత మీరు చేయవలసిన మార్పు చాలా చిన్నది: నిమ్మచెక్కను పళ్లెంలో పెట్టకండి, దాని స్థానం వైన్‌కు ఇవ్వండి.

చందువనో వంజరాన్నో పండుగప్పనో తీసుకుని, ముక్కలకు ఉప్పు, పసుపు, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద, వేలికొసలతో తీసినంత కారం పట్టించి, నిమ్మరసం లేకుండా అరగంట ఊరనివ్వండి. పెనం మీద కొద్ది నూనెతో వేయించి, వేడిగా ఉండగానే వడ్డించండి. రొయ్యల వేపుడు చేస్తే కారం తగ్గించి మిరియాలు, కరివేపాకు పెంచండి. కొబ్బరిపాలతో వండిన రొయ్యల కూర, కొబ్బరి అన్నం ఈ వైన్‌తో నేను చూసిన మన జతల్లో అన్నిటికంటే గొప్పవి. కొబ్బరి తీపి, కొవ్వు ఒకవైపు, వైన్ పులుపు మరొకవైపు చక్కగా తూగుతాయి. పీతలను మిరియాలతో వేయిస్తే పీత మాంసంలోని తీపి ఈ వైన్ పక్కన ఇంకా పైకి వస్తుంది.

మిరప కారం విషయంలో మాత్రం నిజం ఒప్పుకోవాలి. నోటిలో మిరప మంటకు స్పందించే నాడీ గ్రాహకాలనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది, అందువల్ల కారం తిన్న నోటితో వైన్ తాగితే మంట తగ్గకపోగా పెరుగుతుంది. చల్లదనం కాసేపు ఉపశమనం ఇస్తుంది కానీ అది కాసేపే. గుంటూరు కారం ధారాళంగా వేసే ఇంట్లో ఈ సీసా తెరవాలంటే, ఆ పూటకు కారాన్ని మూడో వంతుకు తగ్గించడం తప్ప దారి లేదు. ఎర్ర వైన్‌తో పోలిస్తే మాత్రం చేపకు ఇదే నయం, ఎందుకంటే వైన్‌లో ఇనుము పాలు ఎక్కువైతే అది చేపనూనెతో కలిసి నీచు రుచి పుట్టిస్తుంది, ఆ బాధ ఎర్ర వైన్‌లలో ఎక్కువ.

శాకాహారులు నిరాశపడనక్కరలేదు. వేడి వేడి అరటికాయ బజ్జీ, మొక్కజొన్న గారెలు, ఉల్లి పకోడీ, అల్లం తురుము తక్కువగా వేసిన పెసరట్టు అన్నీ బాగుంటాయి, పక్కన చట్నీ లేకుండా. నూనెలో వేగి, ఉప్పు చాలినంత ఉండి, పులుపు లేని ప్రతి తినుబండారమూ ఈ వైన్‌కు స్నేహితమే. ఉప్పు నాలుక మీద వైన్ పులుపును కాస్త మెత్తబరుస్తుంది కూడా. మిరపకాయ బజ్జీతో ప్రయత్నించాలనుకుంటే బజ్జీ మిరపకాయలోని గింజలు తీసేయండి, ఆ తరువాత పద్రోన్ సామెత ప్రకారం మీ అదృష్టం. తీపి వంటకాలతో వద్దు: పాయసం తిన్న నోటికి అల్బరీన్యో ఒట్టి పులుపుగా, కసరుగా తోస్తుంది.

సీసాలో మిగిలితే

బిరడాను తిరిగి బిగించి, సీసాను నిలువుగా ఫ్రిజ్‌లో ఉంచండి. మొదటి రోజు వాసన కొంత తగ్గుతుంది, మూడవ రోజు దాకా తాగదగినదిగా ఉంటుంది. ఇంకా మిగిలితే దానిని ఐసు ముక్కల ట్రేలో పోసి గడ్డకట్టించుకోండి. ఆల్కహాల్ వల్ల రాయిలా గట్టిపడదు కానీ ముక్కలుగా ఊడి వస్తుంది. చేపముక్కలు వేయించిన పెనంలో అడుగంటిన మసాలా మీద రెండు ముక్కలు వేసి, కొద్దిగా వెన్న కలిపి, గరిటెతో గీరుతూ ఒక నిమిషం మరిగిస్తే, ఆ పల్చటి రసం ముక్కల మీద పోసుకోవడానికి పనికివస్తుంది.